దేవుడు ఊదిన ఊపిరికి పొగ పెట్టవద్దు

ఆదివారం ఆరాధన ముగుస్తుంది. ఆశీర్వాదం పలికిన అయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి అందరికీ వందనాలు చెబుతుంటారు. ఆడవాళ్లు చెట్టు నీడన ఒకరి క్షేమం ఒకరు అడుగుతుంటారు. సండేస్కూలు పిల్లలు ఆవరణంతా పరుగులు పెడుతుంటారు. ఆ సందడిలో ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు మెల్లగా గేటు దాటి, సందు మలుపులో ఉన్న కిళ్లీ కొట్టు వైపు నడుస్తారు. చంకలో బైబిలు అలాగే ఉంటుంది. ఒకడు విడిగా ఒక సిగరెట్ కొని వెలిగిస్తాడు. దాన్నే ముగ్గురూ పంచుకుంటారు. తిరిగి వచ్చేటప్పుడు నోట్లో పుదీనా బిళ్ల, చేతులకు సబ్బు వాసన.

ఈ సంగతి మనకు తెలియదా? తెలుసు. మనకు తెలుసన్న విషయం వాళ్లకూ తెలుసు. అయినా ఎవరూ నోరు విప్పరు. వాళ్లు దాచిపెడతారు, మనం చూడనట్టు ఊరుకుంటాం. ఎప్పుడైనా మాట్లాడితే అది ప్రసంగపీఠం మీద నుంచి గద్దింపుగానే ఉంటుంది. ఆ గద్దింపు విన్నవాడు సిగరెట్ మానడు, ఇంకాస్త జాగ్రత్తగా దాచడం నేర్చుకుంటాడు. అందుకే ఈ వారం మన యౌవనస్థులతో, వారిని కన్నవారితో, సంఘ పెద్దలతో ఈ విషయమే దాపరికం లేకుండా మాట్లాడాలనుకుంటున్నాం.

ఈ ఊపిరి ఎవరిది?

వెలుగును, ఆకాశాన్ని, సూర్యచంద్ర నక్షత్రాలను దేవుడు మాటతోనే కలుగజేశాడు. మనిషి విషయంలో మాత్రం అలా చేయలేదు. మట్టిని తన చేతులతో మలచి, దగ్గరగా వచ్చి, అతని ముక్కులోకి తానే ఊపిరి ఊదాడు (ఆదికాండము 2:7). సృష్టిలో మరి దేనికీ దక్కని భాగ్యమిది. మనం తీసుకునే ప్రతి శ్వాసకూ మొదలు అక్కడే ఉంది.

దానియేలు గ్రంథం 5వ అధ్యాయంలో బెల్షస్సరు రాజు చేసిన విందు మనకు తెలిసిందే. యెరూషలేము దేవాలయం నుంచి తెచ్చిన పాత్రల్లో అతడు ద్రాక్షారసం పోయించుకుని తాగాడు. గోడ మీద చేతివ్రాత కనబడింది. అప్పుడు దానియేలు ఆ రాజుతో అన్న మాటల్లో ఒకటి మనం తరచు దాటిపోతుంటాం. నీ ఊపిరి ఎవరి చేతిలో ఉందో ఆ దేవుణ్ణి నీవు ఘనపరచలేదు అన్నది దాని సారాంశం (5:23). దేవునికి ప్రత్యేకించిన పాత్రను తన సరదాకు వాడుకోవడం, ఊపిరి ఇచ్చినవాణ్ణి మరచిపోవడం, ఈ రెండు తప్పులూ ఆ విందులో ఒకచోట కలిశాయి. మన దేహమే పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు కొరింథీయులకు రాశాడు (1 కొరింథీ 6:19). ఆ ఆలయంలోని పాత్రలను మనం దేనితో నింపుతున్నాం?

మనిషి రోజుకు సుమారు 20 వేల సార్లు ఊపిరి తీసుకుంటాడు. ఊపిరితిత్తుల్లో కోట్లాది చిన్న చిన్న గాలి గదులున్నాయి. పీల్చిన గాలిలోని ప్రాణవాయువు వాటి పల్చని గోడల గుండానే రక్తంలో కలుస్తుంది. సిగరెట్ పొగలో 7 వేలకు పైగా రసాయనాలు ఉంటాయని, వాటిలో దాదాపు 70 క్యాన్సర్‌కు కారణమయ్యేవని శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువు ఉండవలసిన చోటును ఆక్రమిస్తుంది. గొంతులో, శ్వాసనాళాల్లో దుమ్మును బయటకు ఊడ్చేందుకు దేవుడు పెట్టిన సన్నని నూగు దాని దెబ్బకు చచ్చుబడిపోతుంది. పొగతాగే వారికి తెల్లవారగానే వచ్చే దగ్గుకు మూలం ఇక్కడే ఉంది.

‘ఒక్కటేగా’ అన్న మాట

రేపటి నుంచి రోజుకు పెట్టె కాల్చాలని నిర్ణయించుకుని ఎవరూ మొదలుపెట్టరు. ‘ఒక్కటేగా’ అన్న మాటతోనే మొదలవుతుంది. పదో తరగతి సెలవుల్లో ఒకడు, ఇంజినీరింగ్ హాస్టల్లో సీనియర్ల మధ్య ఒకడు, హైదరాబాద్‌లో రాత్రి డ్యూటీ విరామంలో ఒకడు. సినిమాలో హీరో వెలిగించిన తీరు చూసి ఒకడు, ఇంట్లో తండ్రి కాల్చి పారేసిన ముక్క తీసుకుని ఇంకొకడు. కుర్రవాళ్లు అంటున్నాం గాని పట్టణాల్లో అమ్మాయిలూ దీనికి దూరంగా ఏమీ లేరు.

2019లో మన దేశంలో 13 నుంచి 15 ఏళ్ల బడి పిల్లల మీద జరిగిన సర్వేలో నూటికి ఎనిమిది మందికి పైగా ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. సిగరెట్ తాగిన పిల్లల్లో మూడో వంతుకు పైగా పదేళ్లు నిండకముందే దాన్ని రుచి చూశారట. పదేళ్లంటే మన సండేస్కూలులో చిన్న తరగతి పిల్లలు! యౌవనస్థుల కూడికలో పొగ గురించి చెబుదాం లెమ్మని ఆగితే అప్పటికే ఆలస్యమైపోతుందన్నమాట.

పొగాకులోని నికోటిన్ పీల్చిన కొద్ది సెకన్లలోనే మెదడును చేరుతుంది. కాసేపు హాయి అనిపిస్తుంది. ఆ హాయి తగ్గగానే చిరాకు మొదలవుతుంది. ఆ చిరాకు పోవాలంటే మరొకటి వెలిగించాలి. ‘టెన్షన్ తగ్గడానికి తాగుతున్నాను అన్నా’ అని మన పిల్లలు చెబుతారు. నిజానికి ఆ టెన్షన్‌లో సగం ముందు తాగిన సిగరెట్ తెచ్చిపెట్టినదే. కట్టిపడేసిన తాడే ఊతకర్రలా కనబడుతుంది. తనకు అన్నిటిలో స్వేచ్ఛ ఉన్నా దేనికీ లోబడి బానిసను కానని పౌలు తీర్మానించుకున్నాడు (1 కొరింథీ 6:12). ఆరాధన మధ్యలో బయటకు వెళ్లాలని కాళ్లు పీకుతుంటే, ఉపవాస ప్రార్థన రోజున ఆకలికన్నా సిగరెట్ కోసమే ప్రాణం కొట్టుకుంటుంటే, మన యజమాని ఎవరో మనమే ఆలోచించుకోవాలి.

డబ్బు సంగతీ చూద్దాం. ఒక్కోటి 15 రూపాయలే అనుకున్నా, రోజుకు పది తాగేవాడు నెలకు 4,500 రూపాయలు, ఏడాదికి దాదాపు 55 వేలు తగలేస్తాడు. చెల్లెలి కాలేజీ ఫీజు అందులో ఉంది. అమ్మ మందుల ఖర్చు అందులో ఉంది. ఆకలి తీర్చని దాని కోసం డబ్బు ఎందుకు ధారపోస్తారని యెషయా ప్రవక్త ద్వారా దేవుడు అడిగిన ప్రశ్న (యెషయా 55:2) కిళ్లీ కొట్టు ముందు నిలబడినప్పుడు గుర్తుకు రావాలి.

బైబిల్లో సిగరెట్ మాట ఉందా?

‘సిగరెట్ తాగకూడదని బైబిల్లో ఎక్కడుంది?’ అని యౌవనస్థుల కూడికలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అది తప్పు ప్రశ్న కాదు. అడిగినవాణ్ణి కసిరి కూర్చోబెట్టకుండా నిజం చెప్పాలి. సిగరెట్ అన్న మాట బైబిల్లో లేదు. పొగాకు అమెరికా ఖండాల్లో పుట్టిన మొక్క. 1492లో కొలంబస్ అక్కడికి చేరిన తరువాతే మిగతా ప్రపంచానికి అది తెలిసింది. పోర్చుగీసు వర్తకుల ద్వారా మన దేశానికి వచ్చింది. మోషేకు, పౌలుకు తెలియని ఆకు అది.

కాస్త చదువుకున్న కుర్రవాడైతే మరో మాట కూడా అంటాడు. ‘స్పర్జన్ గారే చుట్ట కాల్చేవారు కదా!’ ఇదీ నిజమే. 1874లో లండన్‌లోని ఆయన సంఘానికి అమెరికా నుంచి వచ్చిన ఒక బోధకుడు తాను చుట్ట మానడానికి ఎంత పోరాడాడో చెప్పాడు. ఆ వెంటనే స్పర్జన్ లేచి, తనకు అది పాపంగా తోచడం లేదని, ఆ రాత్రి దేవుని మహిమ కోసమే ఒక చుట్ట కాల్చుకుంటానని అన్నాడు. ఆ మాట పత్రికలకెక్కి పెద్ద చర్చే జరిగింది. ప్రసంగికులలో రాజు అని మనం పిలుచుకునే దైవజనుడు అలా అన్నాడు.

అయితే ఆయన కాలంలో తెలియనిది మనకు తెలుసు. 1950లో ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులను పరిశీలించి, దాని వెనుక ఉన్నది పొగతాగడమేనని ప్రకటించారు. అదే పరిశోధన జరుగుతుండగా కళ్లెదుట కనబడుతున్న లెక్కలు చూసి డాల్ తన సిగరెట్ తానే మానేశాడు. 1964లో అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి నివేదిక అదే మాట ప్రపంచానికి చాటింది. ఈ రోజు పొగాకు ఏటా 70 లక్షల మందికి పైగా ప్రాణాలు తీస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారిలో పది లక్షలకు పైగా ఎన్నడూ పొగతాగనివారే. ఇంట్లోవాళ్లు, పక్కవాళ్లు వదిలిన పొగ పీల్చి పోయినవారు.

మేలు ఏదో తెలిసి కూడా చేయకపోతే అది పాపమని యాకోబు రాశాడు (యాకోబు 4:17). తెలియక చేసినవారిని మనం తీర్పు తీర్చనక్కరలేదు. మనకు తెలుసు, పెట్టె మీద బొమ్మ కూడా వేసి ఉంది. ‘ఎక్కడ రాసి ఉంది?’ అన్న ప్రశ్నకు ఇదే మా జవాబు. నిన్ను నీవు ప్రేమించుకున్నట్టే పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞ రాసి ఉంది. నీ పొగ పీల్చే నీ తల్లి, రేపు నీ భార్య, నీ బిడ్డ నీకు అందరికన్నా దగ్గరి పొరుగువారు.

మన నేల మీద పెరిగే ఆకు

పొగాకు వేరే ఎక్కడో ఉన్న సమస్య అనుకోవడానికి తెలుగువారికి వీల్లేదు. పొగాకు బోర్డు 1976లో ఏర్పడినప్పటి నుంచి దాని ప్రధాన కార్యాలయం మన గుంటూరులోనే ఉంది. 1878 జూలైలో క్లౌ దొర రోజులలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన ఒంగోలు ప్రాంతం మన సంఘ చరిత్రలో గొప్ప పేరున్న చోటు. ఆ ప్రాంతంలోనే ఇప్పుడు పొగాకు పొలాలు, బ్యారన్లు, వేలం కేంద్రాలు ఉన్నాయి. ఆకు కోసే కూలీలు, కట్టలు కట్టే ఆడవాళ్లు, అప్పు చేసి బ్యారన్ కట్టుకున్న రైతులు మన సంఘాల్లోనే కూర్చుంటారు. నిజామాబాద్, జగిత్యాల వైపు తునికాకు చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టి పిల్లలను చదివించిన తల్లులూ మన సహోదరీలే. వారి పొట్టకూటిని మేము నిందించడం లేదు. వేరే పంట, వేరే పని వారికి దొరకాలని ప్రార్థించడం, దొరికే దారి చూపడం మన బాధ్యత. అయితే ఆ బీడీ చుట్టిన తల్లి కూడా తన కొడుకు నోట్లో బీడీ చూడాలని కోరుకోదు.

బీడీ చిన్నది కదా, హాని తక్కువ అనుకునేవారున్నారు. అది పొరపాటు. బీడీ ఊరికే ఆరిపోతుంది గనుక మాటిమాటికీ గట్టిగా పీల్చాలి. దానివల్ల తారు, కార్బన్ మోనాక్సైడ్ మరింత లోపలికి పోతాయి. ఉత్తరాంధ్ర తీరపు పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని తాగే ‘అడ్డపొగ’ అలవాటు ఉంది. దానివల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్‌ను విశాఖపట్నం వైద్యులు దశాబ్దాల కిందటే గుర్తించి రాశారు. ఇక గుట్కా, ఖైనీ సంగతి చెప్పనక్కరలేదు. పొగ రాదు గనుక ఎవరికీ తెలియదు, అంతే తేడా. నోటి క్యాన్సర్‌కు అవి రాజమార్గం.

మేము చేసిన పొరపాటు

ఇది రాయడానికి మాకు సిగ్గుగానే ఉంది. అయినా రాయాలి. మేము పెద్దలుగా ఉన్న సంఘంలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక కుర్రవాడు కొయిర్‌లో గిటారు వాయించేవాడు. అతడు సిగరెట్ తాగుతున్నాడని ఎవరో చెప్పారు. ఒక శనివారం సాయంత్రం అతణ్ణి పిలిపించి, ఆరుగురం పెద్దలం బల్ల వెనుక కూర్చుని అడిగాం. మొదట లేదన్నాడు. తరువాత తలవంచుకుని ఏడ్చాడు. ‘మానెయ్యాలనే ఉంది అయ్యగారూ, నా వల్ల కావడం లేదు’ అన్నాడు. ఆ ఒక్క మాట మేము సరిగా విని ఉండవలసింది. వినలేదు. మూడు నెలలు గిటారు ముట్టవద్దని చెప్పి పంపేశాం. క్రమశిక్షణ పాటించామని మాలో మేము తృప్తిపడ్డాం కూడా.

అతడు మరుసటి ఆదివారం రాలేదు. ఆ తరువాతా రాలేదు. ఏడాదిన్నర పాటు వాళ్లమ్మ ఒక్కతే వచ్చి వెనుక బెంచీలో కూర్చుని వెళ్లేది. రోజుకు నాలుగు తాగేవాడు కాస్తా ఆ కాలంలో పెట్టెకు చేరాడని మాకు తరువాత తెలిసింది.

అతని దగ్గరకు వెళ్లింది పెద్దలమైన మేము కాదు. మా సంఘంలో లారీ నడిపి విరమించుకున్న ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన వారానికి రెండు సాయంత్రాలు ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి, ‘రా బాబూ, కాస్త నడిచొద్దాం’ అని చెరువు గట్టు దాకా తీసుకెళ్లేవాడట. ‘మానావా?’ అని ఒక్కసారీ అడగలేదట. ‘ఈ రోజు ఎన్ని?’ అని మాత్రం అడిగేవాడట. పది అంటే, ‘సరే, రేపు తొమ్మిదికి చూద్దాం’ అనేవాడట. ఒకరోజు తన సంగతి చెప్పుకున్నాడు. ముప్పై ఏళ్లు బీడీ తాగాడు. డీకనుగా ఉన్నప్పుడూ తాగాడు. సంఘంలో ఎవరికీ తెలియకుండా దాచాడు. ఊపిరి ఆడక ఆసుపత్రిలో పడ్డాకే మానాడు. ‘నేను దాచుకుని నా ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాను. నువ్వు దాచకు. నాతో చెప్పు చాలు’ అన్నాడు.

ఆ సంగతి తెలిసినప్పుడు మేము ఆరుగురమూ తలదించుకున్నాం. ఒకరి తప్పులు ఒకరితో ఒప్పుకుని ఒకరి కోసం ఒకరు ప్రార్థించమని యాకోబు చెప్పాడు (యాకోబు 5:16). ఒప్పుకున్నవాణ్ణి మేము శిక్షించాం. సంఘంలో నిజం చెబితే నష్టపోతామని మిగతా పిల్లలందరికీ నేర్పాం. తరువాత మేమూ ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి, వాళ్లమ్మ ముందే అతణ్ణి క్షమించమని అడిగాం.

మానడం ఎలా?

ప్రార్థన చేస్తే చాలునని కొందరు, మందులుంటే చాలునని మరికొందరు అంటారు. రెండూ కావాలి. తిమోతికి కడుపు జబ్బు ఉంటే అతని కోసం ప్రార్థించే పౌలే వాడవలసినది కూడా చెప్పాడు (1 తిమోతి 5:23). వైద్యుని దగ్గరకు వెళ్లడం అవిశ్వాసం కాదు.

మొదట ఒక తేదీ పెట్టుకోండి. వారం రోజుల్లోపు ఉండాలి. ఆ రోజుకు ముందే పెట్టె, లైటర్, ఇంట్లో ఉన్న బూడిద పళ్లెం అన్నీ పారేయండి. మీరు నమ్మే ఒక్క మనిషికైనా చెప్పండి. రహస్యంగా మొదలైన అలవాటు రహస్యంగా పోవడం కష్టం.

మొదటి మూడు రోజులు కష్టంగా ఉంటాయని ముందే తెలుసుకోండి. చిరాకు, నిద్రలేమి, ఎక్కువ ఆకలి, దేని మీదా మనసు నిలవకపోవడం మామూలే. రెండు నుంచి నాలుగు వారాల్లో అవి తగ్గుతాయి. అది శరీరం కోలుకుంటున్న గుర్తు, దేవుడు చేయి విడిచాడని కాదు. తాగాలన్న తహతహ వచ్చినా కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కొద్ది నిమిషాలు దాటితే చాలు. ఒక గ్లాసు నీళ్లు తాగండి, లేచి నడవండి, మీ తోడుకు ఫోన్ చేయండి, తెలిసిన కీర్తన ఒకటి మొదటి నుంచి చివరి దాకా పాడండి. టీతో పాటు సిగరెట్ అలవాటైతే కొన్నాళ్లు ఆ టీ కొట్టుకే వెళ్లవద్దు.

ఒంటరిగా కాకపోతే సహాయం అడగండి. కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356 సిగరెట్ పెట్టెల మీదే అచ్చు వేసి ఉంటుంది. మానాలనుకునేవారికి అక్కడ సలహాదారులు మాట్లాడతారు. నికోటిన్ చూయింగ్ గమ్ వంటివి వైద్యుని సలహాతో వాడవచ్చు.

పడిపోతే? మళ్లీ లేవండి. నీతిమంతుడు ఏడుసార్లు పడినా లేస్తాడని సామెతల గ్రంథం చెబుతుంది (24:16). మూడుసార్లు బొంకిన పేతురును ప్రభువు సముద్రపు ఒడ్డున పిలిచి అన్నం పెట్టాడు, ఆ తరువాతే ప్రశ్న అడిగాడు. ఒక్క సిగరెట్ తాగినంత మాత్రాన అంతా పోయిందని పెట్టె కొనుక్కోవడం సాతాను నేర్పే లెక్క.

మానినవారికి లాభం వెంటనే మొదలవుతుంది. 20 నిమిషాల్లో గుండె వేగం తగ్గుతుంది. రోజు తిరగక ముందే రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది. ఏడాదికి గుండెజబ్బు ముప్పు పొగతాగేవారితో పోలిస్తే సగానికి పడిపోతుంది. డాల్ బృందం బ్రిటన్ వైద్యులను 50 ఏళ్ల పాటు గమనించి 2004లో ప్రకటించిన లెక్క ప్రకారం, జీవితాంతం పొగతాగినవారు సగటున పదేళ్ల ఆయుష్షు పోగొట్టుకున్నారు. అరవై ఏళ్లకు మానినవారికి దానిలో మూడేళ్లు దక్కాయి. యాభైకి మానితే ఆరు, నలభైకి మానితే తొమ్మిది. ముప్పై ఏళ్లకే మానినవారికి దాదాపు ఆ పదేళ్లూ తిరిగి దక్కాయి. తమ్ముడూ, నీకింకా ముప్పై నిండలేదు. ఇది చదువుతున్న నాన్నగారూ, మీకు అరవై దాటినా ఆలస్యం కాలేదు.

ఇంకా ముట్టని వారికి

దానియేలు చాలా చిన్న వయసులో, అమ్మానాన్నలకు దూరంగా, బబులోను రాజు హాస్టల్లో చేరినట్టే చేరాడు. చుట్టూ అందరూ తినేది తాను తినకూడదని భోజనం బల్ల ముందుకు రాకముందే మనసులో తీర్మానం చేసుకున్నాడు (దానియేలు 1:8). అసలు బలం అక్కడే ఉంది. నలుగురు స్నేహితులు చుట్టూ చేరి చేతికి అందించినప్పుడు ఆలోచిద్దామంటే కుదరదు. ‘నేను తాగను రా’ అన్న మాట ముందే నోటికి రావాలి. అక్కడ వాదన అక్కరలేదు, ప్రసంగం అసలే వద్దు. నవ్వుతూ చెప్పి అక్కడే ఉండండి. రెండుసార్లు చెబితే మూడోసారి ఎవరూ అడగరు. దానియేలుకు ముగ్గురు స్నేహితులు తోడున్నట్టే మీరూ ఇద్దరు ముగ్గురు కలిసి ఆ తీర్మానం చేసుకోండి. హుక్కా అయితే ఫరవాలేదు, ఈ-సిగరెట్‌లో పొగ లేదు అన్న మాటలు నమ్మకండి. హుక్కాలోనూ విషమే ఉంది. ఈ-సిగరెట్ల అమ్మకాన్ని మన దేశం 2019లోనే నిషేధించింది.

పెద్దలకు ఒక మాట

కొడుకు చేతికి డబ్బిచ్చి సిగరెట్ తెమ్మని పంపే తండ్రి ఆ కొడుకుకు ఏమి నేర్పుతున్నాడు? పద్దెనిమిదేళ్లు నిండనివారికి పొగాకు అమ్మడం 2003 నాటి చట్టం ప్రకారం నేరం. బడికి, కాలేజీకి వంద గజాల లోపు అమ్మకూడదు. మన మిషన్ స్కూలు ముందున్న కొట్టులో అమ్ముతుంటే అడగవలసింది మనమే. కుర్రవాడి సిగరెట్‌ను ఖండించే పెద్ద జేబులో ఖైనీ పొట్లం ఉంటే ఆ ఖండనకు విలువ లేదు. ముందు మన కంటిలోని దూలం సంగతి చూసుకోమన్నాడు ప్రభువు.

ఏటా మే 31న పొగాకు వ్యతిరేక దినం జరుగుతుంది. దానికి దగ్గరగా వచ్చే ఆదివారం ఒకటి దీనికే కేటాయించండి. ఒక క్రైస్తవ వైద్యుణ్ణి పిలిపించి మాట్లాడించండి. మానినవారితో సాక్ష్యం చెప్పించండి. మానాలనుకునేవారికి ఒక్కొక్కరికి ఒక తోడును ఇవ్వండి. గద్దించడం ఐదు నిమిషాల పని, తోడు నడవడానికి నెలలు పడుతుంది. ఒకరి భారం ఒకరు మోయమని గలతీయులకు పౌలు రాసినది (6:2) ఈ నడక గురించే.

మా సంఘంలోని ఆ అబ్బాయి మొదటిసారి మాని ఇరవై రోజులకు మళ్లీ తాగాడు. రెండోసారి పరీక్షలప్పుడు జారాడు. మూడోసారి నిలిచాడు. ఇప్పటికి ఏడాది దాటింది, మళ్లీ గిటారు పట్టాడు. ఆ ముసలాయన ముందు వరుసలో కూర్చుంటాడు. పాటలో ఒక చరణం ఒక్క ఊపిరితో పాడలేడు, మధ్యలో ఆగిపోతాడు. ఆయన కూడా అందుకోగలిగేలా ఆ అబ్బాయి పాటను కాస్త నెమ్మదిగా వాయిస్తాడు.

ఊపిరి ఉన్న ప్రతిదీ తనను స్తుతించాలని దేవుడు కోరుకున్నాడు (కీర్తన 150:6). మన బిడ్డల ఊపిరి ఆ స్తుతి కోసం నిండుగా ఉండునట్లు, బంధింపబడినవారిని విడిపించే యేసుక్రీస్తు ప్రభువు వారికి బలమిచ్చును గాక. వారితో కలిసి నడిచే మనసు మనకు దయచేయును గాక. ఆమేన్.